కింది గోడ తలుపు

“మాలిక్ అన్నా, ఆ ఇటుక కింద పెట్టు. నాన్నకి మతి పోతే నీకూ పోయిందా?” ఇంట్లోంచి అరిచాడు కరుణాకర్.

వీధి గుమ్మంలో గోడ అప్పటికే ఛాతీదాకా లేచింది. తాపీమేస్త్రీ మాలిక్, పక్కనే నిలబడ్డ కరుణాకర్ తండ్రి తోమా వైపు చూశాడు.

“కానియ్యి మాలిక్. దక్షిణం గుమ్మం మూస్తేగానీ వీడికి ఉద్యోగం రాదని సిద్ధాంతిగారు తేల్చేశారు,” అన్నాడు తోమా.

“సంఘపెద్దవి నాన్నా నువ్వు! ఆదివారం చర్చిలో ఆమెన్, సోమవారం సిద్ధాంతి ముందు చేతులు కట్టుకోవడం! ఇకనుంచి గేదెల పాక పక్కనుంచి దొడ్డిదారిన తిరగాలా?”

“ఇంజనీరింగ్ అయి మూడేళ్లు. ప్రార్థనలన్నీ చేయించి చూశాం గదరా,” అన్నాడు తోమా, ఏమాత్రం సిగ్గుపడకుండా.

మార్టూరులో తనొక్కడికే బుర్ర ఉందని కరుణాకర్ నమ్మకం. కంప్యూటర్లో వాస్తూ లేదు, వర్జ్యమూ లేదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని తరచూ చెబుతుంటాడు. ఆరు నెలలుగా ఒక పాత కంప్యూటర్ ఆటను ముక్కముక్కలుగా విప్పి చూస్తున్నాడు. ముప్ఫై ఏళ్ల కిందట హైదరాబాదులో ఒకాయన చేసిన ఆట అది. అందులో వీరుడు తలుపు మీద అడుగు పెడితే మ్యాపు మారుతుంది. ఏ మ్యాపుకు వెళ్లాలో, ఏ గడిలో దిగాలో ప్రతి తలుపుకూ ఆటను నడిపే స్క్రిప్టులో ఒక వరుస రాసి ఉంటుంది. రాజకోట మ్యాపులో కింది గోడకున్న తలుపు మాత్రం ఇంతవరకు ఎవరికీ తెరుచుకోలేదు. వీరుడు పాపం గుర్రాలశాల చుట్టూ తిరిగి రావాల్సిందే.

కరుణాకర్ గుట్టు పట్టేశాడు. తలుపు వరుస శుభ్రంగా ఉంది. దాని పైనే ‘దీన్ని వదిలెయ్’ అని ఒక్క ఆజ్ఞ ఉంది. అప్పట్లో మెమరీ చాలక అలా మూశారని పన్నెండు పేజీలు రాసి, ఆట చేసినాయనకే పంపాడు. ఆయనకిప్పుడు పెద్ద కంపెనీ ఉంది. ఇవాళ పదకొండింటికి ఆయనతోనే వీడియోలో ఇంటర్వ్యూ.

“ఉద్యోగం రానీ, ఈ గోడ నా చేత్తోనే పగలగొడతా,” అని లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు.

తెరమీద తెల్లమీసాల పెద్దాయన కనిపించాడు. “ఏంటయ్యా ఆ చప్పుడు?”

“మూఢనమ్మకం సార్. పట్టించుకోకండి.”

పెద్దాయన నవ్వలేదు. “నువ్వు రాసిందంతా చదివాను. ఆ ఆజ్ఞ దాకా వచ్చినవాడివి నువ్వొక్కడివే. సోమవారం వచ్చి చేరిపో.”

కరుణాకర్‌కి ఏడుపొచ్చినంత పనైంది. అయినా తండ్రికి వినపడేలా గొంతు పెంచాడు. “అంటే మెమరీ చాలకే మూశారన్నమాట సార్!”

“అబ్బే, మెమరీ బోలెడుంది. కారణం ఒక్కటే తప్పు రాశావు.”

“మరెందుకు మూశారు సార్?”

బయట మాలిక్ ఆఖరి ఇటుక పెట్టి తాపీ కడుక్కుంటున్నాడు. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు పెద్దాయన కళ్లజోడు తీసి చూశాడు.

“కింది గోడంటే దక్షిణం కదయ్యా!”