మందుపాతరల చేను

స్మారక శిల మీద కప్పిన గుడ్డను ఎర్సీలియా ఒక్క గుంజు గుంజి కింద పారేసింది. పాదిరీ నోట్లో ప్రార్థన ఆగిపోయింది.

"నా మొగుడి పేరు, నెల్లో అన్న పేరు, ఏదిరా తుల్లియో?"

భూస్వామి కొడుకూ, స్మారక సంఘం పెద్దా అయిన తుల్లియో ముఖం కందగడ్డయింది. "ఈ అపెనైన్ కొండల్లో జర్మన్లు కట్టిన రక్షణ రేఖను తెంచుతూ చచ్చినవాళ్ల రాయి ఇది, పిన్నీ. మీ ఆయన పోయింది యుద్ధం ముగిశాక."

"ముగిసిందని మందుపాతరకి ఎవడు చెప్పాడు?"

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. తుల్లియోకి ఒళ్లు మండింది. "పాత ఇనుముకి ఆశపడి తవ్వాడు. చచ్చాడు."

"ఇనుమా? అప్పట్లో మీ చేనంతా మందుపాతరలే. విత్తేలోగా ఏరకపోతే ఇల్లు ఖాళీ చెయ్యమన్నాడు మీ నాన్న. కౌలువాళ్లం, చంటిపిల్లతో ఎక్కడికి పోతాం?"

"అబద్ధం! మా చేను సైన్యం బాగుచేసిందని నాన్న చెప్పాడు."

"వచ్చిందిలే సైన్యం. మా నెల్లో ఒంటి ముక్కలు దుప్పట్లో మూటగట్టడానికి."

తుల్లియో జనం వైపు చూశాడు. అందరూ తమ కౌలువాళ్లే. ఒక్కడూ కాదనలేదు, ఒక్కడూ అతని కళ్లలోకి చూడలేదు. ఊరంతటికీ తెలుసు. తెలియంది తనకొక్కడికే.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"మీ ఇంట్లోనేగా ఉంటున్నాం, చెబితే వీధిన పడమా!" అంది ఎర్సీలియా. " కావాలంటే ఈ సాయంత్రమే గెంటెయ్."

తుల్లియో రాయి చెక్కినవాణ్ణి పిలిచాడు. "నెల్లో పేరు చెక్కు."

"రాయి నిండిపోయింది, అయ్యా. చోటేదీ?"

"పైన స్థలదాత అని మా నాన్న పేరుందిగా. లేపెయ్."

"ఆ పేరు లేపేదాకా నేనూ కదల్ను" అంటూ ఎర్సీలియా రాతికి వీపు ఆనించి కూర్చుంది.