లక్ష్మీవారం ఫకీరు

"ఇంకోపాలి నా గుమ్మం ముందు ఆ పాట పాడితే పీక తెగ్గోత్తాను!"

కొబ్బరికాయలు దింపే సన్యాసి ఒక ఫకీరును మెడబట్టి ఈడ్చుకొచ్చి బంగారయ్యగారి వాకిట్లో పడేశాడు. కొబ్బరిచెట్టు దిగి వచ్చినవాడు వచ్చినట్టే ఉన్నాడు, మొలలోని కత్తి కూడా తీసి పక్కన పెట్టలేదు. పెళ్ళాం నీలమ్మను ఇంట్లో పెట్టి బయట గడియ వేసి మరీ వచ్చాడు.

లక్ష్మీవారం వస్తే చాలు, ఈ ఫకీరు సన్యాసి అరుగు మీద చేరతాడు. తురకంలో పాడి ఊరుకుంటాడా? అడిగినా అడగకపోయినా తెలుగులో అర్థం చెబుతాడు. 'నీ కాటుక నా నిద్ర తినేసింది. తలుపు వెనకే ఉన్నావని తెలుసు. చంపడానికైనా ఒక్కసారి బయటికి రా.' ఇంకేం కావాలి! కుండకైతే మూకుడు వేస్తాం, ఊరి నోటికి ఏం వేస్తాం? వజ్రపుకొత్తూరంతా నవ్వింది. సన్యాసికి అన్నం సహించడం మానేసింది. ఏ చెట్టు మీద ఉన్నా, దూకి చస్తే పోతుంది కదా అనిపిస్తోంది. నీలమ్మను అడగాలంటే భయం. ఔనంటే ఎలా బతకడం?

"దూకుడెందుకురా? సంపేత్తే టెక్కలి ఠాణాలో కూకుంటావు," అన్నాడు ఊరిపెద్ద బంగారయ్య. "అత్తరు సాయిబు ఈదిలోనే ఉన్నాడు. ఆ పాటేటో ఆడే సెప్తాడు."

హుస్సేను సాయిబు అత్తరు పెట్టె దించి వచ్చాడు. పాడమన్నారు. ఫకీరు పెదవి మీది నెత్తురు తుడుచుకుని పాడాడు. పాట సగం కాకుండానే సాయిబు నేల మీద కూలబడిపోయాడు. కళ్ళంట ధారలు.

"ఓరి పిచ్చోడా! ఇది ఆడదాని మీద పాట కాదురా. దేవుడి మీద పాట! మా పాత ఫకీర్లు ఆయన్ని ఇలాగే పిలిసీవోరు. కాటుకన్నా, తలుపన్నా, అంతా ఆయనే."

"దేవుడికి కాటుకేటి సాయిబూ?" అన్నాడు బంగారయ్య.

"మరి మీ భజనల్లో గోపికలు కిట్టుణ్ణి ఎలగ పిలుత్తారు?"

బంగారయ్య ఒప్పుకున్నట్టు తలూపాడు. సన్యాసి మాత్రం వదల్లేదు.

"అయితే ఊల్లో ఇన్నిల్లుండగా నా ఇల్లే దొరికిందేటి?"

"ఎండవేళ మీ అరుగు మీదే నీడ ఉంటుంది నాయనా," అన్నాడు ఫకీరు. "లోపలి తల్లి నీళ్ళచెంబు గుమ్మంలో పెడితే తాగుతాను. ఆమె ముఖం నేనెరగను."

సన్యాసి గొంతు దిగిపోయింది. "మరి... ఆ దేవుడు తలుపు తీసినాడా?"

"లేదు. ఇక తియ్యడు. కుర్రతనంలో మొదలుపెట్టాను, గడ్డం నెరిసింది. లోపల ఎవరైనా ఉన్నారో లేదో కూడా ఇప్పుడు తెలియడం లేదు. పాడడం మానడం చేతకాక పాడుతున్నాను."

సన్యాసి అతని కాళ్ళ మీద పడిపోయాడు. అయ్యో, ఎంత పాపం మూటగట్టుకున్నాను! ఫకీరు అతణ్ణి లేవదీసి, "మీ కాపురంలో చిచ్చు పెట్టాను, ఇక ఈ దిక్కు రాను," అని జోలె భుజాన వేసుకుని బారువ దారి పట్టాడు. ఆగమని పిలిచినా ఆగలేదు.

సన్యాసికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ఒక్క పరుగున ఇల్లు చేరి గడియ తీశాడు. నీలమ్మ గోడకు జేరబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"ఒలే నీలీ, నన్ను సెప్పుచ్చుకు కొట్టే! ఆ పాట దేవుడి మీదంట! మనరుగు మీద నీడుంటాదని కూకునీవోడంట, అంతే. నీ మొకమైనా ఎరగడంట!"

నీలమ్మ తలెత్తింది. "నిజిమా?"

"నీ మీదొట్టు! సాయిబే సెప్పినాడు."

నవ్వుతూ ఆమె చెయ్యి అందుకోబోయాడు సన్యాసి. నీలమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఒక్క పాటైనా నా మీద కాదా మావా?" అంటూ గుండె పగిలేలా ఏడ్చింది.