ఉత్తర ద్వారంలో లారీ

మంగళవారం ఉదయం తొమ్మిదింటికి, పరుపులు ఎత్తుగా పేర్చి తాళ్ళతో కట్టిన లారీ ఒకటి హోల్మర్‌స్కాన్స్ అనే కోట ఊరి ఉత్తర ద్వారంలో దూరి సగంలో ఇరుక్కుపోయింది. ముందుకు కదలదు, వెనక్కి రాదు.

ఆ ద్వారం బాగోగులు చూసే వుబ్బో, పక్కనే ఉన్న తన ఇంట్లోంచి ఒక్క అంగలో బయటికొచ్చాడు. డ్రైవరు సీట్లో యాభై ఏళ్ళావిడ తాపీగా జున్ను పెట్టిన రొట్టె తింటోంది. పేరు ఫెన్నా అట, స్వోలె పట్నం నుంచి వస్తోందట.

“కళ్ళు నెత్తికెక్కాయా? నాలుగొందల ఏళ్ళ ద్వారం నీ లారీకి షెడ్డులా కనబడిందా?” అన్నాడు వుబ్బో, వీధి చివరిదాకా వినబడేట్టు.

“నేనేమన్నా నాలుగొందల ఏళ్ళనాటి దాన్నా, దీని ఎత్తెంతో తెలియడానికి?” అంది ఆవిడ నములుతూనే.

వుబ్బో బాధ వుబ్బోది. పదకొండేళ్ళుగా ఆ ద్వారం కమాను ఇటుకలు వదులైపోతున్నాయి. మునిసిపాలిటీకి ఉత్తరాలు రాసి రాసి అతని వేళ్ళు అరిగాయి. ప్రతిసారీ ఒకటే జవాబు, పరిశీలనలో ఉందని. పోయిన నెల బడికెళ్ళే పిల్ల సైకిలు ముందు ఇటుక ఊడిపడింది. తీసుకెళ్ళి ఆఫీసు బల్ల మీద పెడితే, ఇటుక ముట్టినట్టు రసీదు ఇచ్చి పంపారు.

అరగంటలో ఊరంతా ద్వారానికి అటూ ఇటూ చేరింది. ఊరికున్న రెండో ద్వారం ముందున్న వంతెనకు ఆ వారమే మరమ్మతు, దాంతో లోపలివాళ్ళు లోపల, బయటివాళ్ళు బయట ఆగిపోయారు. టైర్లలో గాలి తీసేయమన్నాడు చేపల కొట్టాయన. కమానుకు వెన్న రాస్తే జారుతుందంది ఒక ముసలమ్మ. స్పెయిన్ సైన్యం ఏడాది ముట్టడించినా ఈ ఊరు ఇంత గట్టిగా మూతపడలేదని ఎవరో అంటే అందరూ నవ్వారు.

వుబ్బో ముందుగా పత్రిక వాళ్ళకు ఫోన్ చేశాడు, తర్వాత అగ్నిమాపక దళానికి. ఈలోగా అతని భార్య ఆల్టా డ్రైవరుకు కాఫీ పట్టుకొచ్చింది.

“ఇంకేం, దుప్పటి కూడా తెచ్చివ్వు, ఇక్కడే పడుకుంటుంది,” అని భార్య మీద విసుక్కున్నాడు వుబ్బో.

“పరుపులు ఆవిడే తెచ్చుకుంది, దుప్పటొక్కటే తక్కువ,” అంది ఆల్టా.

పది దాటాక పత్రిక ఫొటోగ్రాఫరు వచ్చాడు. అతను వచ్చాడని తెలిసి మేయరమ్మ వచ్చింది. ఆమె వెనకే పురాతన కట్టడాల ఇంజనీరు పరుగున వచ్చాడు. పదకొండేళ్ళలో అతను ఆ కమాను కింద నిలబడటం అదే మొదలు. నిచ్చెనెక్కి ఒక ఇటుక మీద వేలు ఆనించాడు. ఇటుక కదిలింది. పక్కదాన్ని ముట్టాడు. అదీ కదిలింది. దిగేసరికి అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

పరుపులు కాబట్టి సరిపోయిందనీ, అదే ఇనప పెట్టె లారీ అయ్యుంటే సగం కమాను వీధిలో ఉండేదనీ అతను చెప్పాడు. మేయరమ్మ కెమెరావైపు ఓసారి చూసింది. ఊతకర్రలు ఇవాళే పెడతామనీ, సోమవారం నుంచి తాపీ పని మొదలనీ అందరి ముందూ మాటిచ్చింది. వుబ్బో టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

అగ్నిమాపక దళం కమానుకు ఊతలు పెట్టాక ఊరివాళ్ళు వరసగా నిలబడి పరుపులు ఒక్కొక్కటే దించారు. పోలీసు జరిమానా పుస్తకం తీశాడు. కానీ ఎత్తు రాసిన బోర్డు మూడేళ్ళ కిందటే ఊడిపోయిందనీ, అదీ పరిశీలనలోనే ఉందనీ తేలడంతో మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

లారీ కదులుతుంటే వుబ్బో వేలు చూపించి, ఇంకోసారి ఈ ఊరి ఛాయలకొస్తే ఊరుకోనని గట్టిగానే హెచ్చరించాడు.

ఆదివారం మధ్యాహ్నం స్వోలెలోని తన ఇంట్లో అక్క ఆల్టాకీ బావ వుబ్బోకీ బఠాణీ సూప్ వడ్డిస్తూ ఫెన్నా, “నువ్విచ్చిన కొలతకన్నా ఒక పరుపు ఎక్కువే ఎక్కించాను బావా, తీరా ఇరుక్కోకపోతే నీ పరువేం కాను,” అంది.