కడగనక్కర్లేని ఫోటోలు

వరద ఫోటోలు తీయడానికి వెళ్తూ తమ్ముడు సంచి సర్దుకుంటుంటే, అక్క అలవాటు కొద్దీ ఆరు ఫిల్ము రీళ్లు తెచ్చి పెట్టింది.

"ఇక వీటితో పనిలేదక్కా," అంటూ అతను పత్రికాఫీసు కొత్తగా ఇచ్చిన డిజిటల్ కెమెరా చూపించాడు. అది ఇటుకంత బరువుంది. "స్నానాలగది ఇక నీదే. హాయిగా బట్టలారేసుకో!"

"మరి ఫోటోలు కడగడం?"

"కడిగేదేముంది? వరద దగ్గర తీస్తా, అక్కణ్ణుంచే ఫోన్ లైన్లో ఆఫీసుకి పంపేస్తా. నేను తిరుగు బస్సెక్కేలోగా పేపర్లో ఉంటాయి."

అక్క చేయి ఆగిపోయింది. పదిహేనేళ్లుగా అతను ఎంత దూరం వెళ్లినా, తీసిన రీళ్లు కడగడానికి పరుగున ఇంటికొచ్చేవాడు. చీకటి చేసిన స్నానాలగదిలో ఇద్దరూ కలిసే కడిగేవారు.

"అయితే నువ్వు లేకుండానే ఫోటోలు వచ్చేస్తాయన్నమాట," అంది.

"అదేం మాటక్కా! వెనకాలే నేనూ వస్తాగా."

ఆమె వినకుండా పాత కెమెరాలో ఒక రీలు వేసి, బట్టల మధ్య దోపింది. "ఒక్కటైనా ఇంటికి తెచ్చి కడుగు నాయనా."

బరువెక్కువైందని అతను నవ్వుతూ దాన్ని తీసి బల్ల మీద పెట్టి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున్నే పేపర్లో వరద ఫోటోలు నాలుగు వచ్చాయి. తమ్ముడు రాలేదు. అతనెక్కిన పడవ గురువారం సాయంత్రమే మునిగిపోయింది.