కుడివైపు స్పీకరు

"కుడివైపు స్పీకరు గొణుగుతోంది మాస్టారూ," అన్నాడు మెకానిక్కు, సోఫా మధ్యలో కదలకుండా కూర్చుని.

రిటైరైన డ్రిల్లు మాస్టారు రిమోటు నొక్కారు. టీవీ పక్కనున్నవి, ఎడమ గోడకున్నది, కుడి గోడకున్నది వంతులవారీగా 'స్స్‌స్స్' మన్నాయి.

"నాకు అన్నీ ఒకలాగే ఉన్నాయే!"

"ముప్పై ఏళ్ళు ఈల ఊదిన చెవులు మాస్టారూ అవి. వాటి సాక్ష్యం చెల్లదు."

వంటగది గుమ్మంలో ఉన్న మాస్టారి భార్య పకపకా నవ్వింది. ఆయన్ని అంత మాట అనే ధైర్యం తనకు తప్ప ఇంకొకరికి ఉందని ఆవిడకి ఇప్పుడే తెలిసింది.

మెకానిక్కుని ఊళ్ళో అందరూ 'పాముచెవులు' అంటారు. ఎక్కడో తీగ వదులైతే వీధిలోంచే పట్టేస్తాడని పేరు. ఆ చెవుల్ని నమ్మే కొత్త సినిమా హాలువాళ్ళు పిలిచి మరీ సౌండ్ ఇన్‌ఛార్జి ఉద్యోగం ఇచ్చారు. రేపు పొద్దున్నే చేరాలి. ఇల్లిల్లూ తిరిగే బతుకులో ఇదే ఆఖరి పని. మచ్చ లేకుండా ముగించాలని అతని పట్టుదల.

సోఫాలో మనిషి తల ఉండే ఎత్తున కొలత మైకు నిలబెట్టాడు. గట్టిగా ఊపిరి కూడా తీయొద్దని ఇద్దరికీ చెప్పాడు. అంకెలు వచ్చాయి. ఎడమా, కుడీ సరిసమానం.

"చూశావా!" అన్నారు మాస్టారు.

"మైకు ముసలిదైపోయింది. యంత్రం మాటే నమ్మేటట్టయితే నేనెందుకండీ?"

కుడి స్పీకరు తీసి ఎడమ గోడకి, ఎడమది కుడి గోడకి బిగించాడు. కూర్చుని విన్నాడు. కుడివైపే గొణుగుడు. తీగలు మార్చాడు. కుడివైపే. బండిలో ఉన్న మరో ఆంప్లిఫయరు తెచ్చి తగిలించాడు. అయినా కుడివైపే. నిన్నటిదాకా ఏ ఇంట్లోనూ ఇలాంటి పేచీ రాలేదు. అతనికి చెమటలు పట్టాయి.

ఆవిడ టీ తెచ్చి అతని కుడిపక్కన నిలబడి రెండుసార్లు "బాబూ" అంది. అతను పలకలేదు.

"పనిలో పడితే లోకం పట్టదు పాపం," అనుకుంటూ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"దొరికింది మాస్టారూ," అన్నాడతను ఉన్నట్టుండి. "ఆ గోడే శబ్దాన్ని మింగేస్తోంది. కాస్త పగలగొట్టి చూద్దాం."

"ఇల్లు పీకి పందిరి వేస్తావా ఏమిటి నాయనా!" ఆవిడ లబోదిబోమంది.

మాస్టారి ఓపిక అయిపోయింది. గంట నుంచి ఆ తెరవైపే చూసి ఇతని బుర్ర వేడెక్కిందనుకున్నారో ఏమో, పాత గొంతు బయటికి తీశారు.

"లేచి నిలబడు! వెనక్కి... తిరుగు!"

చిన్నప్పుడు ఆయన దగ్గర బడిలో పడ్డ అలవాటు. ఆలోచించేలోపే మెకానిక్కు మడమ మీద గిర్రున తిరిగి టీవీకి వీపు పెట్టి నిలబడ్డాడు. మాస్టారు కుడి గోడ స్పీకరు మోగించారు. ఖంగుమని పలికింది.

"వచ్చింది మాస్టారూ, వచ్చింది! ఇంతసేపూ ఏడిపించి చంపింది!" గంతు వేసినంత పని చేశాడతను. రేపటి ఉద్యోగానికి ఇదే శుభశకునం అనిపించింది.

మాస్టారు ఎడమ గోడ స్పీకరు నొక్కారు. అది గొణిగింది.

"అరె, ఇప్పుడిది పోయింది! ఏం కదిపారండీ?"

"నేనేం కదపలేదయ్యా. నిన్నే తిప్పాను."

అతను గబుక్కున వెనక్కి తిరిగి మాస్టారిని చూశాడు. స్పీకరు ఇంకా మోగుతూనే ఉంది. వేలు ఎత్తి ఎడమ చెవి గట్టిగా మూసుకున్నాడు.

గది మూగబోయింది.