మోకాలినొప్పి, చెవిపోటు

విశాఖలో వికలాంగులను తీసుకెళ్లే ర్యాంపు బండ్లకు డ్రైవర్లు పోయి చాలాకాలమైంది. ఎవరిని ఎప్పుడు ఎక్కించుకోవాలో బండ్లే చూసుకునేవి. చూపులేని వేణువు మాస్టారు సన్యాసిరావునూ, చక్రాల కుర్చీలో తిరిగే దర్జీ హైమవతినీ ప్రతి సోమవారం ఒకే బండి ఆసుపత్రికి తీసుకెళ్లేది. దారంతా ఇద్దరూ తెగ నవ్వుకునేవారు. అంతలో పద్ధతి మెరుగుపడింది. ఎవరి బండి వారిది, ఎవరి వీధి ఆసుపత్రి వారిది అయిపోయింది.

మాస్టారికి దిగులు పట్టుకుంది. ఒకరోజు బండిని పిలిచి, "మోకాలు నొప్పమ్మా, మద్దిలపాలెం ఆసుపత్రికి పోనీ," అన్నాడు. హైమవతి ఉండేది మద్దిలపాలెంలోనే.

"ఏ మోకాలండీ?" అంది బండి.

"అక్కడికెళ్తేగానీ తెలీదు."

బండి కదిలింది. మద్దిలపాలెంలో ఆసుపత్రి దాటిపోయి ఒక ఇంటి ముందు ఆగింది. ర్యాంపు దిగిన చప్పుడు, వెనకే హైమవతి గొంతు.

"ఇదేటి మాస్టారూ! చెవిపోటని చెప్పి నేను మీ వీధి ఆసుపత్రికి బయల్దేరితే, మీరిక్కడికొచ్చీసారేటి?"

మాస్టారు మోకాలు తడుముకున్నాడు.

"ఆవిడ అటు, మీరు ఇటు తిరిగితే రెండు బండ్లు దండగ," అంది బండి. "ఇద్దర్నీ బీచిలో దింపేస్తాను."

"చెవిపోటుకి సముద్రం గాలి పడదు కదే," అంది హైమవతి.

"అయితే ఆసుపత్రికేనా?"

"నోర్మూసుకుని బీచికే పోనీ!"