హాల్వర్ బండి

“ఆపు! ముందు ఆపవే తల్లీ, నా చెవులు పోతున్నాయి!”

ఓరిన్ కాస్కి అరుపుకు డాగ్నీ ఉలిక్కిపడి ఇంజన్ ఆపేసింది. అంతదాకా ఆ పందెపు మంచుబండి నిలబడ్డచోటే ఎగిరెగిరి పడుతూ, పొగ కక్కుతూ, ముసలాడిలా దగ్గుతోంది.

“ఫైనల్ పెట్టుకుని ఇదేం చప్పుడు? నిన్నటి పందేల్లో బాగానే పరిగెత్తిందిగా! మీ నాన్న వింటే సిగ్గుతో చచ్చేవాడు.”

“ఆయన ఎలాగూ చచ్చిపోయాడు కదా అంకుల్,” అంది డాగ్నీ పళ్లు బిగించి.

గడ్డకట్టిన సరస్సు మీద మైకు మోగింది. “ఫైనల్‌కు రెండు బండ్లూ గీత దగ్గరికి రావాలి. పది నిమిషాలే టైము. రాని బండి ఓడినట్టే!”

ఓరిన్‌కు ఒళ్లు మండిపోయింది. చేతితొడుగులు ఊడబీకి మంచులో విసిరికొట్టి బండి ముందు మోకాళ్ల మీద కూలబడ్డాడు.

మిన్నెసోటా ఉత్తరపు కొసన ఏటా జరిగే ఆ పందెంలో హాల్వర్ రూడ్ వరసగా పదకొండేళ్లు కప్పు కొట్టాడు. మామూలు ఇంజన్ని తన చేత్తో కోసి, అరగదీసి, తయారుచేసినవాడే గుర్తుపట్టనంతగా మార్చేశాడు. బతికున్నన్నాళ్లూ దాని మూత ఎవరినీ ఎత్తనివ్వలేదు. పోయిన ఆగస్టులో పడవలో వల సర్దుతూనే గుండె ఆగి పోయాడు. బండి కూతురి చేతికొచ్చింది. ఈ ఒక్కసారి గెలిస్తే నాన్న పేరు నిలబడుతుందని డాగ్నీ ఆశ.

ఆ ఇంజన్ చప్పుడు ఓరిన్‌కు కంఠోపాఠం. పదకొండు చలికాలాలు విన్నాడు. ఇది ఆ చప్పుడు కాదు.

“ఏమేం చేశావు?”

“కార్బ్యురేటర్లు విప్పి కడిగాను. కొత్త ప్లగ్గులు వేశాను. పెట్రోలు మార్చాను. బెల్టు కూడా...”

“ఏం మార్చావని అడగలేదు. ఏం చూశావు?”

డాగ్నీ వంగి ఇంజన్‌లోకి తొంగి చూసింది.

“ఇంజన్ వేసి ఒక్క నిమిషం ఉంచు.”

మళ్లీ దగ్గు మొదలైంది. ఓరిన్ రెండు గుప్పిళ్ల మంచు తీసి రెండు పొగగొట్టాల మీదా అద్దాడు. ఎడమవైపు మంచు చుయ్యిమని ఆవిరైంది. కుడివైపుది నీరు కావడానికి కూడా బద్ధకించింది.

“చూశావా? కుడి సిలిండర్ తిండి తింటోంది గానీ పని చెయ్యడం లేదు.”

ఆ వైపు ప్లగ్గు విప్పాడు. నల్లగా, పెట్రోల్లో ముంచి తీసినట్టు తడిసి ఉంది. చల్లటి ఇంజన్‌కు ఎక్కువ పెట్రోలు అందించే చోక్ మీట పూర్తిగా కిందికే ఉంది, అంటే మూసుకుని ఉండాలి. అయినా వేలు పెట్టి చూస్తే లోపలి పిన్ను సగంలోనే ఆగిపోయింది. నొక్కితే కదలదు.

ఓరిన్ తల ఎత్తాడు. కళ్లు ఎర్రబడ్డాయి.

“రాత్రి బండి ఎక్కడ పెట్టావు?”

“ట్రైలర్లో. హీటర్ వేసి, పైన నాన్న దుప్పటి కప్పి...”

“దుప్పటా! జోలపాట కూడా పాడావా? వెచ్చగా ఉన్న బండిని ఒక్కసారిగా ఈ చలిలోకి లాగితే లోపల చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ గడ్డ కడితే పిన్ను ఇరుక్కుపోతుంది. చోక్ సగం తెరుచుకుని ఉంటే సిలిండర్ పెట్రోల్లో మునగదా? మీ నాన్న కుక్కని ఇంట్లో పడుకోబెట్టి దీన్ని మంచులో పడేసేవాడు. అదైనా చెప్పి చావలేదా నీకు?”

“చెప్పడానికి టైము ఇచ్చాడా?” డాగ్నీ కూడా అరిచింది. “మా నాన్న మీద మీకెందుకంత కోపం?”

“చచ్చిపోయాడుగా! అంతకంటే ఏం చెయ్యాలి నాకు?”

పందెం గీత దగ్గర్నుంచి జెండా మనిషి వెండెల్ రొప్పుకుంటూ వచ్చాడు. “ఇంక నాలుగే నిమిషాలు, ఓరిన్. నీకెందుకయ్యా ఈ తద్దినం? వదిలేసి రా.”

“నోరు మూసుకో వెండెల్. పదకొండేళ్లు కాచుకుని కూర్చున్నాను ఈ పందెం కోసం. ఇలా దగ్గే బండితో కానిస్తానా?”

“రూలు రూలే. టైమైతే జెండా ఊపేస్తాను.”

“ఊపి చూడు. ఆ కర్ర నీ చేతిలో ఉండదు!”

వెండెల్ గొణుక్కుంటూ వెనక్కి తిరిగాడు.

“ఆ సీటు మీది ఫ్లాస్కులో ఏముంది?” అడిగాడు ఓరిన్.

“కాఫీ.”

“పంచదార?”

“వెయ్యలేదు.”

“బుద్ధిగా చేసిన పని ఇదొక్కటే.”

గుడ్డపేలిక కార్బ్యురేటర్ చుట్టూ చుట్టి, పొగలు కక్కే కాఫీ దాని మీద కొంచెం కొంచెంగా పోశాడు. చేతుల మీద పడి కాలినా లెక్కచెయ్యలేదు. తిడుతూనే ఉన్నాడు. హీటర్ని తిట్టాడు, దుప్పటిని తిట్టాడు, ఆగస్టు నెలని తిట్టాడు. ఫ్లాస్కు అడుగంటేవేళకు లోపల టక్కుమంది. పిన్ను కిందికి దిగింది.

తడి తుడిచి, పొడి ప్లగ్గు బిగించాడు. “వెయ్యి.”

ఒక్క దగ్గు. తర్వాత ఇంజన్ గొంతు సవరించుకుని, ఒకే స్థాయిలో గుర్రుమంది. ఓరిన్ కళ్లు మూసుకుని విన్నాడు. ఇదే, హాల్వర్ చప్పుడు ఇదే. కోపం మాత్రం ఏమాత్రం తగ్గలేదు.

డాగ్నీ ఏదో చెప్పబోయింది. ఓరిన్ చెయ్యెత్తి ఆపాడు.

“థాంక్సులు గీంక్సులు నాకక్కర్లేదు. జెండా పడగానే వేగం మీట చివరిదాకా నొక్కు. మొహమాటపడి వేలు సడలించావో, మీ నాన్న మీదొట్టు, జన్మలో నీ మొహం చూడను. వెళ్లు!”

డాగ్నీ బండి గీత మీదికి చేరింది. ఓరిన్ మంచులోంచి చేతితొడుగులు ఏరుకుని తొడుక్కుంటూ ఆమె వెనకే నడిచి, పక్క వరుసలో నిలబెట్టి ఉన్న, పదకొండేళ్లుగా రెండో స్థానం దాటని తన బండెక్కి కూర్చున్నాడు.